ముంజేతి చెవి

మా అక్క పేరు చిన్నమ్మాయి. వయసు అరవై. పేరు పెట్టినవాళ్లకి ముందుచూపు లేదు. కట్టుకున్న మా బావగారికేమో ఎదురుచూపు తప్ప మరో చూపు లేదు.

బావగారంటే ప్రసన్నకుమార్ గారు. ముప్పై నాలుగేళ్లు కాలేజీలో జువాలజీ చెప్పి, చెప్పినంతకాలం పురుగులకి గుండుసూదులు గుచ్చి, రిటైరైన రోజున "ఇక గుచ్చను" అని ఒట్టు పెట్టుకున్నారు. ఇప్పుడు సామర్లకోటలో ఇంట్లో కూర్చుని, దొరికిన పురుగుని సీసాలో పెట్టి, దోసకాయ ముక్కలతో మేపుతూ ఎదురుచూస్తారు. అది కాలం చేశాకే ఈయన కత్తెర తీసేది.

ఈ వానాకాలం పెరట్లో కొబ్బరిపీచు కింద రెండు కీచురాళ్లు దొరికాయి. బొబ్బర గింజంత ఉన్నాయి. నేను వెళ్లేసరికి ఒకదాన్ని చూపించి భూతద్దం నా చేతికిచ్చారు.

"రెండూ మగవే. ఆడదైతే వెనక సూదిలాంటి గొట్టం ఉంటుంది, గుడ్లు పెట్టడానికి. దీనికి ఉన్నవి ఆ రెండు వెంట్రుకల్లాంటి తోకలే. ఆర్థాప్టెరా క్రమం, గ్రిల్లిడే కుటుంబం."

"ఇంటిపేరు గ్రిల్లా అండీ? కిటికీలోంచి వచ్చుంటాయి."

"నీ మొహం. దాని చెవులెక్కడున్నాయో చెప్పు చూద్దాం."

తలంతా వెతికాను. లేవు.

"ముంజేతుల మీదయ్యా! ముందుకాళ్లకి మోకాలి కిందుగా సన్నటి పొర కనిపిస్తోందా? అదే చెవి."

"అంటే దీని చెవి మెలిపెట్టాలంటే ముందు కాళ్లు పట్టుకోవాలన్నమాట!"

బావగారు పగలబడి నవ్వారు. సీసా మీద మళ్లీ గుడ్డ కప్పి, దగ్గరికి జరిగారు.

"అసలు సంగతి విను. వెలుతురుంటే ఇవి కూయవు. అందుకే గుడ్డ కప్పి పది రోజులుగా పక్కనే కూర్చుంటున్నాను. ఒక్క కూత లేదు! మూగ కీచురాళ్లు లోకంలో కొన్ని ఉన్నాయి గానీ, మన వైపు ఇంత చిన్నదాన్ని గురించి ఎవరూ రాసినట్టు లేదు. కొత్త జాతి గణేష్‌బాబూ! మీ అక్క పేరు పెడుతున్నాను. సోమవారం వ్యాసం పంపేస్తున్నాను."

"మూగదానికి మా అక్క పేరా!" అని ఇల్లెగిరిపోయేలా నవ్వబోయి, సగంలో ఆగిపోయాను.

గుడ్డ కింద నుంచి కిర్ర్... కిర్ర్... కిర్ర్... చెవిలో దబ్బనం దింపినట్టు.

బావగారు నా మొహంలోకే చూస్తూ, నవ్వు పూర్తి చేస్తానేమోనని ఎదురుచూస్తున్నారు.

వంటింట్లోకి పోయాను. "అక్కా, ఆ పురుగు..."

"పది రోజులుగా అరుస్తోందిరా. నాకు నిద్ర లేదు."

"మరి బావగారికి..."

అక్క సొరుగు లాగి చూపించింది. లోపల మూడు డిజిటల్ థర్మామీటర్లు. "పోయిన వానాకాలం జ్వరమొచ్చినప్పుడు, జ్వరం చూశాక ఇది కీమని కూయట్లేదు, పాడైపోయిందంటూ మూడు కొన్నారు. మూడూ శుభ్రంగా కూస్తున్నాయి. మనుషుల మాటలు వినిపిస్తాయి. నీ గొంతైతే పిఠాపురం దాకా వినిపిస్తుంది. ఆ సన్నటి కీచులే పోయాయిరా ఆయనకి."

"మరి చెప్పవేం?"

"కూత విని జాతి చెప్పే మనిషిరా. కాలేజీ పిల్లల్ని పొలం గట్ల వెంట తిప్పి ఆ చెవితోనే పాఠం చెప్పారు. ఏమని చెప్పను?" కొంగుతో మొహం తుడుచుకుంది. "చెప్పకపోతే లోకం నవ్వుతుంది. చెబితే ఈయన నవ్వడం మానేస్తారు."

నోరున్నవాణ్ణని నాకు పేరు. ఆ పూట మాత్రం సొరుగు మూసి వచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం ఒక కీచురాయి వయసు మీరి చనిపోయింది. బావగారు దాని కుడి రెక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టారు. నేను పక్కన, అక్క గుమ్మంలో.

"రెక్క అడుగున ఆకురాయిలా పళ్ల వరస ఉందేంటి?" అన్నారు. "ఎడమ రెక్క అంచు దీని మీద గీసుకుంటేనే కూత. ఇదిగో, కూతని పెద్దది చేసే అద్దంలాంటి పొర కూడా ఉంది. మూగదానికి ఇవన్నీ ఎందుకు?"

"కీచురాయికి ఆకురాయి... అలంకారమేమోనండీ." నా జోకు నాకే చప్పగా ఉంది.

"కావచ్చు. వాద్యం మిగిలి పాట పోయిందేమో," అని ఆశగా మళ్లీ వంగారు. చాలాసేపు లేవలేదు. లేచాక చాలా నెమ్మదిగా అన్నారు:

"పళ్లు అరిగిపోయి ఉన్నాయి. వాడని పళ్లు అరగవు."

రెండోది బల్ల మీదే ఉంది, గుడ్డ కింద. బావగారు సీసా వైపు చూశారు. నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. చివరికి గుమ్మం వైపు తిరిగారు.

"చిన్నమ్మాయ్, ఇప్పుడు అరుస్తోందా?"

అక్క తలూపింది.

"గట్టిగానా?"

"మా తమ్ముడి కంటేనండీ."

"ఎన్నాళ్లయింది?"

అడిగింది పురుగు గురించి కాదని ముగ్గురికీ తెలుసు.

"పోయిన వానాకాలం నుంచి."

"థర్మామీటర్లు..." అని నవ్వబోయారు. రాలేదు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. వ్యాసం కాగితాలు ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్నాయి.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి ఒళ్లోకి లాక్కుని, మోచేతి కింద వేలు పెట్టింది.

"దాని చెవి ఇక్కడేగా అండీ ఉండేది?"

సీసాలోంచి కిర్ర్ అన్నప్పుడల్లా వేలితో తట్టింది. మూడు తట్లు. ఆపింది. మూడు తట్లు. ఆపింది. గబగబా ఐదు.

బావగారు కళ్లు మూసుకున్నారు. రెప్పల కింద నుంచి ఒక చుక్క జారింది, తుడుచుకోలేదు. తర్వాత రెండో చేత్తో పెన్ను వెతికి, వ్యాసంలో 'మూగ' అన్న మాట కొట్టేశారు. మార్జిన్‌లో మూడు గీతలు, మళ్లీ మూడు, ఐదు గీశారు.

"పాత జాతే అయ్యుంటుంది చిన్నమ్మాయ్. నీ పేరు పెట్టడం కుదరదేమో."

"ఉన్న పేరుకే వయసు మించిపోయిందండీ, మళ్లీ ఇంకోటా?"

"బావగారూ, అయితే ఇప్పుడు మీ చెవి కూడా ముంజేతి మీదే..." అని నేను అందుకున్నాను.

"ష్! నువ్వాగరా, లెక్క తప్పుతోంది," అంది అక్క.

బావగారు చెయ్యి కదల్చలేదు. "వాణ్ణి అరవనీ. నువ్వు తట్టు," అన్నారు.