రాగి బాన మూత

తెల్లారగానే వెర్నా రాత్రి వేసిన నిప్పు మీది బూడిదను పక్కకు తోసి, లోపల ఇంకా ఎర్రగా ఉన్న బొగ్గుల మీద ఎండుపుల్లలు పేర్చి ఊదింది. ఊదిన ప్రతిసారీ దగ్గొచ్చింది. అయినా సగానికి కోసిన నూనె డ్రమ్ములో మంట లేచేదాకా వంగిన నడుం ఎత్తలేదు. ఆస్ట్రేలియాలో జూన్ అంటే నడి చలికాలం, ఆ చలికి గుడారం గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది. చనిపోయిన మొగుడి కోటు తొడుక్కుని, చెవులదాకా ఉన్నిటోపీ లాక్కుని, కెటిల్ మంట మీద పెట్టింది.

ఆ చేతులు చూస్తే చాలు, ఆమె ఏం చేసి బతికిందో చెప్పవచ్చు. వేళ్ళ కణుపులు ఉబ్బి, అరచేతుల్లో గీతలు అరిగిపోయి, చర్మం ఉడికించి తీసినట్టు నున్నగా మెరుస్తుంది. నలభై ఏళ్ళు ఊరి ఆసుపత్రి లాండ్రీలో పక్కదుప్పట్లు ఉతికింది. పొద్దున్న అందరికంటే ముందు వెళ్ళి దుప్పట్లు ఉడికించే రాగి బాన కింద మంట పెట్టేది, సాయంత్రం అందరూ వెళ్ళాక తాళం వేసేది. ఆ మధ్యలో ఆమె ఉందన్న సంగతి ఎవరికీ పట్టేది కాదు.

పక్క గుడారం బార్నీ ఏటా ట్రైలర్ మీద తన పాత సోఫా మోసుకొచ్చి దారి పక్కన వేసుకుంటాడు. అందులోనే దుప్పటి కప్పుకుని పడుకున్నవాడు తల బయటపెట్టాడు.

“ఏమక్కా, ఇంకా బతికే ఉన్నావా?”

“నీ సోఫా చిరిగేదాకా ఉంటాను లేరా. లేచి టీ తాగు.”

వెర్నా చెల్లెలి కూతురు జోలీన్ ఆ మాటకు నవ్వలేదు. పెద్దమ్మ ఊపిరితిత్తులు పాడయ్యాయి, దుమ్ము తగిలితే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పినప్పుడు పక్కనే ఉంది. ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలో దుమ్ము లేని చోటెక్కడో చూపించమని పెద్దమ్మ ఆయన్నే అడిగింది. పందెం చూడ్డానికి తీసుకెళ్ళకపోతే బస్సెక్కి పోతానంది. పోయే రకమే. అందుకే జోలీన్ తిట్టుకుంటూనే కారు తీసింది.

పొద్దెక్కాక హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. దాని కిందే మొదటి బైకులు వచ్చాయి. ఇది రెండు రోజుల బైకు పందెం: ఊళ్ళో బయల్దేరి, ఇసుకలో పడుతూ లేస్తూ ఏటి ఒడ్డు పల్లె చేరి, మర్నాడు ఇదే దారిన తిరిగి రావాలి. వీళ్ళు గుడారాలు వేసిన ఎర్ర వంపు దగ్గర బండి మనిషిని విసిరేస్తుంది. అందుకే అక్కడ జనం ఎక్కువ. అందరూ లేచి గోల చేశారు. వెర్నా మాత్రం కుర్చీలోంచి కదలకుండా ఉల్లిపాయలు తరుగుతూ ఉంది. ముందొచ్చేవాళ్ళకు చప్పట్లు ఎటూ ఉంటాయి, తన చప్పట్లెందుకని ఆమె వాదన.

దానికో కారణం ఉంది. ఆమె మొగుడు రెక్స్ ఒక్క ఏడు ఈ పందెంలో దిగి అందరికన్నా ఆఖర్న వచ్చాడు. భుజం ఎముక విరిగింది, దాని ఊసే ఎత్తలేదు. “గెలిచినోళ్ళకి లోకమంతా లేచి నిలబడింది వెర్నా. నేనొచ్చేసరికి ఒక్క కుక్క కూడా తల తిప్పలేదు,” అన్నాడు. మళ్ళీ పందెం జోలికి పోలేదు. ఆ యేడే లాండ్రీకి యంత్రాలొచ్చి, రాగి బానను పెరట్లోకి విసిరేశారు. వెర్నా దాని మూతా, గుడ్డలు తిప్పే కర్రా ఇంటికి తెచ్చుకుంది. మరుసటి జూన్ నుంచి ఎర్ర వంపులో ఆఖరివాడు కనబడగానే లేచి నిలబడి, ఆ మూత మీద ఎడారి అదిరిపోయేలా కొట్టడం మొదలుపెట్టింది. ఊరి బారులో దాని మీద జోకులేసుకునేవాళ్ళు. అయినా ఆఖర్న వచ్చిన ప్రతివాడూ ఆమె ముందు ఎడమచెయ్యి ఎత్తి మరీ పోయేవాడు. ఈ తతంగమంటే జోలీన్‌కు చిన్నప్పటినుంచీ చచ్చేంత సిగ్గు.

మధ్యాహ్నం గాలి లేచింది. దుమ్ము వంపంతా కమ్మేసింది. వెర్నా పెదాలు నల్లబడ్డాయి. అప్పటికే జనం దారికి వీపు తిప్పి మాంసం కాల్చుకుంటున్నారు, బీరు తాగుతున్నారు. ఓవెన్ అనే గొర్రెల కాపరి ఒక్కడే ఇంకా రావాలని, రెండుసార్లు పడ్డాడని, పడిపోయినవాళ్ళను ఎక్కించుకునే లారీ వెనకే వస్తోందని కబురు తెలిసింది.

“వాణ్ణి ఈపాటికి లారీ ఎక్కించుకునే ఉంటారు పెద్దమ్మా,” అంది జోలీన్. “నీకు ఊపిరి ఆడట్లేదు. పద, పోదాం.”

“ఎక్కించుకుంటే ఆ లారీకే మూత కొడతా. కూర్చో.”

“ఎవడో దారినపోయేవాడి కోసం చస్తావా?”

వెర్నా చాలాసేపు ఊపిరి కూడగట్టుకుంది. “నలభై ఏళ్ళు అందరి మురికీ ఉతికానే. ఎవరూ నావంక చూడలేదని ఏడవలేదు. కానీ ఎవరూ చూడకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాడు ఈ వంపు దాటేదాకా నేను కదలను. ఆ మూత ఇటివ్వు.”

జోలీన్ మూత తెచ్చి ఒళ్ళో పెట్టింది, కర్ర చేతికిచ్చింది. కాస్త టీ అయినా తాగిద్దామని మంట దగ్గరికి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి వెర్నా దారివైపే చూస్తోంది. దుమ్ము కళ్ళలో పడుతున్నా రెప్ప వేయడం లేదు. జోలీన్ పిలిచింది. బుగ్గ తట్టింది. టీ కప్పు ఇసుకలో పడిపోయింది. బార్నీ పరుగున వచ్చి చెయ్యి పట్టుకు చూశాడు, డాక్టరు కోసం జీపెక్కాడు. జోలీన్ ఆ నున్నటి చేతిని తన చేతుల్లోకి తీసుకుని ఇసుకలో కూలబడింది.

అప్పుడే వంపు అవతల, గుక్క తిప్పుకోలేని ముసలి మేకలా, ఒక ఇంజను వినిపించింది.

జోలీన్‌కు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద, ఎడారి మీద, మాట వినని పెద్దమ్మ మీద. ఏడుస్తూనే పెద్దమ్మ వేళ్ళలోంచి కర్ర లాక్కుంది, మూత ఎత్తి పట్టుకుని లేచింది. మొదటి దెబ్బ తేలిపోయింది. రెండోది భుజం పట్టేసేలా కొట్టింది. ఇక ఆపలేదు. వీపులు తిప్పుకున్న జనం ఒక్కొక్కరే ఇటు తిరిగారు. కుర్చీలో వాలిన మనిషిని చూశారు. చేతిలో సీసాలు కింద పెట్టి లేచి నిలబడ్డారు.

ఓవెన్ వంకరపోయిన హ్యాండిల్‌తో, ఒళ్ళంతా ఎర్రమన్నుతో వచ్చాడు. అతనికేమీ తెలియదు. కుర్చీ వైపు ఎడమచెయ్యి ఎత్తి వంపు దాటిపోయాడు. వెనకే వస్తున్న లారీ ఆగిపోయింది.

మర్నాడు తిరుగు పందెం ముగిశాక గుడారాలు లేచాయి, సోఫా ట్రైలర్ ఎక్కింది. ఎర్ర వంపులో జోలీన్ ఇనప గుంజకు తీగతో కట్టిన రాగి మూత ఒకటి మిగిలింది, నడుమ లోతుగా సొట్టపడి, పక్కనే వేడినీళ్ళకు నాని నాని తెల్లబడిన కర్ర వేలాడుతూ.