ఊరికే ఇచ్చే నీళ్లు

2024 ఏప్రిల్ పద్నాలుగు, ఆదివారం. పక్కింటి షాజాదీ బేగం పెట్టిన సేమియా పాయసం తింటున్నాను. వీడియో గేములకు బొమ్మలు గీసే ఆమె కూతురు సాహిరా ఫోనుతో నా ముఖాన్ని అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది.

"లోకం మునిగిపోయినాక మన మైపాడు ఎట్లుంటాదో, అదే గేమ్ అంకుల్. అందులోనూ మీరు నీళ్లిస్తారు."

సరేనన్నాను. బస్టాపు దగ్గర చలివేంద్రం నా భార్య సుభాషిణి పెట్టింది. ఆమె పోయాక ప్రతి ఎండాకాలం నేనే నడుపుతున్నాను.

మరుసటి వేసవికి గేమ్ బయటికొచ్చింది. బీచికొచ్చిన కాలేజీ కుర్రాళ్లు నన్ను చూసి ఆగిపోయారు.

"రేయ్, విషం తాత! తాగబాకరా, పోతావు!"

వారంలో ఆ మాట ఊరంతా పాకింది. గేమ్ అంటే ఏమిటో తెలియని తల్లులు కూడా పిల్లల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిపోయారు. రోజూ సాయంత్రం నిండు కుండ తీసుకెళ్లి బాదం చెట్టుకు పోస్తున్నాను. ఇట్లాగే సాగితే చలివేంద్రం ఎత్తేయాల్సిందే.

నాకు సాహిరా మీదే అనుమానం కలిగింది. వెళ్లి చూపించమన్నాను. తెర మీద కూలిన బస్టాపు కింద నేను, నా కుండ. "రా నాయనా, తాగిపో" అంటున్నాను. చూస్తే నాకే భయమేసింది.

"రెప్ప వెయ్యడేమ్మా వీడు?"

"మీరు నిజంగానే తక్కువేస్తారు అంకుల్."

"నీళ్లలో ఏం కలిపినావు?"

"ఏమీ లేదు. ఆ లోకంలో మంచినీళ్లు మీ దగ్గరే ఉన్నాయి. తాగినవాడు బతుకుతాడు. కానీ గేమ్ ఆడేవాళ్లందరూ తాగకముందే మిమ్మల్ని కాల్చేస్తున్నారు."

"నేనేం చేశాను?"

"ఊరికే ఇస్తున్నారు గదా, దాంతో విషమని అనుమానం." తల దించుకుంది. "ఆ లోకంలో తూటాలే డబ్బులు. గ్లాసుకొక తూటా అడిగేట్టు మార్చమంటారా? అప్పుడు నమ్ముతారు. ఇక్కడ కూడా ఈ మాట ఆగిపోతాది."

బదులు అడిగితే అది సుభాషిణి చలివేంద్రం కాదు.

"వద్దులేమ్మా," అన్నాను.

మర్నాడు పన్నెండు గంటల ఎండలో చేపలమ్మే వనజాక్షి గంప దించింది. "ఏం సామీ, చంపుతున్నావంట?"

"అంటున్నారు."

"ముప్పై కిలోలు నెత్తిన మోసి చావనిదాన్ని, నీ నీళ్లకు చస్తానా? పొయ్యి!"

రెండు గ్లాసులు తాగి, మూడోది ముఖాన కొట్టుకుంది. రోడ్డవతల ఒక తల్లి చూసి, అయినా పిల్లతో ముందుకే నడిచింది. ఆ సాయంత్రం బాదం చెట్టుకు మూడు గ్లాసుల నీళ్లు తగ్గాయి. రేపూ కుండ పెట్టాలనుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు సాహిరా వచ్చింది.

"అంకుల్, ఇవాళ ఒకడు తాగినాడు. కాల్చలేదు."

"ఎవరు?"

"తెలీదు," అంది మరీ తొందరగా. ఆ ఒకడు తనేనేమో.

నన్ను లేవనివ్వకుండా, వెళ్తూ వెళ్తూ తలుపు తనే చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.