జింక విన్న చప్పుడు

"సైలో వెనక్కి పూర్తిగా జరుగు. నీ బొజ్జ ఇంకా కనపడుతోంది" అని అరిచింది మార్లిస్. "లేకపోతే నేను బాణం వెయ్యను."

ఆర్విన్ జరిగాడు. అరవై ఒకటో ఏట కూడా అక్క అరిస్తే అతని కాళ్ళు వాటంతటవే కదులుతాయి. పశువుల మేత నిలవచేసే ఆ సిమెంటు సైలో గోడకి వీపు ఆనించి, చెవి మాత్రం మైదానం వైపు తిప్పి నిలబడ్డాడు. అక్క ముప్ఫై గజాల అవతల విల్లు పట్టుకుని ఉంది. బాణం అతని పక్కనించి నాలుగడుగుల దూరంలో వెళ్ళి, వెనకున్న గడ్డిమోపులో దిగాలి. అతను దాన్ని వినాలి. ఈ పరీక్ష అతను కోరుకున్నదే.

విల్లు వేట కాలం మొదలై ఐదు వారాలైంది. ఓక్ ఆకులు రాగి రంగుకి తిరిగాయి. మంచె మాత్రం ఖాళీగానే ఉంది. ఆర్విన్ ఈ ఏడు ఒక్కసారీ ఎక్కలేదు.

కిందటి నవంబరులో అతను వేసిన బాణం సరిగా తగల్లేదు. బాణం చేరేలోపలే ఆడ జింక ఒళ్ళు కుంగదీసింది. గుండె వెనక దిగాల్సింది వెన్నుకింద ఎక్కడో తగిలింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ నెత్తురు కనపడ్డ చోటల్లా కొమ్మకో తెల్ల కాగితం ముక్క తగిలిస్తూ మూడు గంటలు వెతికారు. పదిహేడో ముక్క వాగు ఒడ్డున కట్టారు. దాని తర్వాత నెత్తురు లేదు, జింకా లేదు. మిగతా కాగితాలన్నీ వానకి నానిపోయాయి. ఆ ఒక్కటి మాత్రం చలికాలమంతా అక్కడే ఉందని ఆర్విన్‌కి తెలుసు. వెళ్ళి చూస్తూ ఉండేవాడు.

మంచు కరిగేనాటికి అతనికి తప్పు ఎవరిదో దొరికింది. తప్పు బాణం మొనకున్న ములికిది. దాని వెడల్పాటి ఇనప రెక్కల మధ్యలో బరువు తగ్గడానికి కోసిన ఖాళీలున్నాయి. గాలి వాటిలో దూరితే ఈల వేస్తుంది. ఆ ఈల విని జింక బెదిరింది. ఈ మాట అతను శుక్రవారాలు ఊరివాళ్ళంతా చేరి చేపల వేపుడు తినే చోటల్లా చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ కాస్త తేలికపడ్డాడు. ఖాళీల్లేని కొత్త ములుకులు తెప్పించాడు. అయినా మంచె ఎక్కబోతే నిచ్చెన మూడో మెట్టు దగ్గరే ఆగి దిగిపోతున్నాడు.

మొదట పాత ములికి. 'టప్' మని విల్లు మోగింది. రెప్పపాటు తర్వాత చెవి పక్కనించి కందిరీగ పోయినట్టు 'జుయ్' మంది.

తర్వాత కొత్తది. టప్. ఆపైన గడ్డిమోపులో దిగిన మెత్తని చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చూశావా!" ఆర్విన్ బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఈల లేదు! నేను మొత్తుకుంటున్నది అదే!"

"టప్ వినపడిందా?"

"వినపడింది."

"రెండుసార్లూ?"

"రెండుసార్లూ."

"ముందొచ్చింది అదే కదరా. జింక కుంగితే దానికే కుంగాలి. నీ ఈల దాని చెవిన పడేసరికి బాణం దాని ఒంట్లో ఉంటుంది. ఆ ఈల ములుకుల్తోనే నేను మూడింటిని కొట్టాను. ఒక్కటీ కదల్లేదు."

"నీ అదృష్టం."

"అదృష్టమా! అవి తల దించుకుని ఓక్ కాయలు నవుల్తున్నాయి. నీది ఏం చేస్తోంది?"

"నడుస్తోంది. ఆపాను."

"ఎలా ఆపావు?"

"ఎలా ఏంటే? అందరూ ఆపినట్టే."

"నాకు చేసి చూపించు."

ఆర్విన్‌కి విసుగొచ్చింది. నాలుక మడిచి, గొంతు కాస్త నొక్కి, "మ్మే!" అన్నాడు.

కంచె అవతల పదకొండు పెయ్యలు మేస్తున్నాయి. పొద్దుట్నించి విల్లు మోగినా, బాణం ఈల వేసినా తల తిప్పనివి. పదకొండూ ఒక్కసారిగా తలలెత్తాయి. చెవులన్నీ అతని వైపే నిలబడ్డాయి. ఒకదాని నోట్లోంచి గడ్డి పోచ వేలాడుతోంది.

మార్లిస్ విల్లు కింద పెట్టింది. గడ్డిమోపు దగ్గరికెళ్ళి బాణాలు పీకడం మొదలుపెట్టింది.

ఆర్విన్ పెయ్యల్నే చూస్తూ నిలబడ్డాడు. ఆ కథ ఎంతమందికి చెప్పాడో! ఎవరికీ ఈ కూత సంగతి చెప్పలేదు. దాచాడా అంటే దాచలేదు. అది చప్పుళ్ళలో ఒకటని అతనికి తట్టనేలేదు. విల్లుది చప్పుడు, ములికిది చప్పుడు. తన గొంతులోంచి వచ్చింది తనే కదా. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ జింక ఆగింది, తలెత్తింది, సరిగ్గా అతని వైపే చూసింది. ఎవరో పిలిచారనుకుని చూసింది. కాళ్ళు అప్పటికే బిగబట్టుకుని ఉంది. పదకొండు నెలల్లో ఆ చూపు అతనికి ఒక్కసారీ గుర్తు రాలేదు. రానివ్వలేదేమో.



ఆ సాయంత్రం ఆర్విన్ మూడో మెట్టు దగ్గర ఆగకుండా మంచె ఎక్కాడు. చేతికందిన ములికి బిగించుకున్నాడు. పాతదో కొత్తదో చూసుకోలేదు.

నాలుగు దాటాక ఆడ జింక ఒకటి వచ్చింది. ఇరవై గజాలు. నింపాదిగా నడుస్తోంది. చెట్టు చాటుకి వెళ్ళగానే నారి లాగాడు. ఇవతలికి వచ్చింది, ఆగలేదు. అతని నాలుక దానంతటదే మడతపడింది. కూత గొంతుదాకా వచ్చి నిలబడింది. పళ్ళు బిగించి దాన్ని మింగాడు. జింక వెళ్ళిపోయింది. వెళ్ళి, నలభై గజాల అవతల పెద్ద ఓక్ కింద తనంతట తనే ఆగి, తల దించి కాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది. అంత దూరం అతను వెయ్యడు. చేతులు నొప్పెట్టేదాకా చూసి, నారి మెల్లగా వదులు చేశాడు. ఆ తర్వాత కూడా చూస్తూనే ఉన్నాడు.

దిగేసరికి నిచ్చెన కింద మార్లిస్ ఉంది.

"ఏమైనా వచ్చిందా?"

"వచ్చింది. ఆగలేదు."

"నువ్వు కూత..."

"లేదు."

ఇద్దరూ పొలం గట్టు దాకా నడిచారు.

"అక్కా, ఆ పెద్ద ఓక్ దగ్గర ఆగిందే" అన్నాడు ఆర్విన్. "మంచె అక్కడికి మారుద్దామా?"

"మారుద్దాం. నిచ్చెన నువ్వు మొయ్యాలి."

"నువ్వో?"

"నీ బొజ్జ వెనక నడుస్తా. గాలి తగలకుండా."