లోపల పిడి లేని తలుపులు

మా వార్డు ఆఫీసు సభల్లో ఎవరు ఏం మాట్లాడినా గోడ మీది తెర దాన్ని తిరగరాస్తుంది. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని మూడేళ్ల క్రితం చట్టం తెచ్చారు. మనం కారం కూరి విసిరిన మాటని యంత్రం పంచదారలో ముంచి చూపిస్తుంది. రికార్డులో మిగిలేదీ అదే. ఆ తెరని చూస్తేనే నాకు ఒళ్లు మంట.

ఆ మధ్యాహ్నం సభ నా భవనం గురించే. టోక్యోలో ఇల్లూవాకిలీ లేనివాళ్ల కోసం ఇరవై ఎనిమిది అంతస్తులు గీశాను నేను, కామియో సావా అనే వార్డు ఆర్కిటెక్టుని. కట్టే ముందు చుట్టుపక్కల వాళ్లను కూర్చోబెట్టి వివరించడం మా ఆచారం. ఆ ఉదయమే సెక్షన్ చీఫ్ మికురియా నా ప్లాన్‌లో ఒక దిద్దుబాటు చేయించాడు. గది తలుపులకు లోపలివైపు పిడి ఉండదు. కాగితంలో వాటి పేరు 'నిశ్చింత తలుపులు'.

ముందు వరుసలోంచి త్సురుకో అనే పెద్దావిడ లేచింది. చేపల కొట్టు నడుపుతుంది. ఆవిడ తమ్ముడు పార్కులో పడుకుంటాడు, గదులిచ్చే మొదటి జాబితాలోనే అతని పేరుంది.

"ఏమ్మా, అంత చదువుకున్నావు! లోపల్నించి తెరుచుకోని గదిని జైలనరూ?"

'పొరుగువారు తలుపుల పట్ల ఆసక్తి కనబరిచారు' అంది తెర.

"ఆసక్తీ లేదు, నా బొందా లేదు! సిగ్గుండాలి మీకు!"

'కృతజ్ఞతలు తెలిపారు.'

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మికురియా నడుం వంచి, "మీ అభిప్రాయం ఎంతో విలువైనదండీ" అన్నాడు. ఆవిడ అతని వంకైనా చూడకుండా నావైపు తిరిగింది.

"నీ ముద్ర పడందే కట్టరటగా? వెయ్యకు తల్లీ. నీకు పుణ్యముంటుంది."

వెయ్యనని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో పైవాళ్ల ఎదుట ఆ మాట అన్న పాపాన పోలేదు నేను. మాలో ఒప్పుకోనివాళ్లు గొడవ పడరు, సంతకం బదులు వేసే పేరు ముద్రని తలకిందులుగా వేస్తారు. పాత పద్ధతి. చూసినవాడికి సంగతి తెలుస్తుంది, ఇద్దరి పరువూ నిలుస్తుంది. సభయ్యాక చీఫ్ గదిలో నేనూ అదే చేశాను. ఎంత సాహసం చేశాననుకున్నానో!

మికురియా దాన్ని చూసి, తడి ఆరేలా ఊది, ఫైల్లో పెట్టుకున్నాడు.

"మీ మనసు తెలిసిందండీ కామియో గారూ. ఎటు తిప్పి వేసినా చెల్లుతుంది లెండి."

"నాకు ఇష్టం లేదని..."

"అలాంటప్పుడు వెయ్యకుండా ఉండాల్సిందండీ."

రెండేళ్ల తర్వాత ఏప్రిల్లో కట్టడం పూర్తయి గదులు నిండాయి. తమ్ముణ్ని దింపడానికి త్సురుకో ఏడో అంతస్తుకి వచ్చింది, తలుపులు చూడ్డానికి నేనూ అక్కడే ఉన్నాను. తలుపు మూసుకుంది. లోపల అతను పిడి కోసం అరచేత్తో తలుపంతా తడుముతున్న చప్పుడు మా ఇద్దరికీ వినబడింది.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు వెయ్యలేదు కదమ్మా? నీ పేరు పెట్టి వాళ్లే గుద్దేసుకుని ఉంటారు."

"నేనే వేశానండీ" అన్నాను.