వీపు మాత్రమే పడిన ఫొటో

మా ఆయన ఫొటోగ్రాఫర్. ఆ మాట ఆయన మీసం దువ్వుకుంటూ చెప్తాడు, నేను తల పట్టుకుని చెప్తాను. పొద్దున పేపరు మొదటి పేజీలో ఆయన తీసిన ఫొటో వచ్చింది. సముద్రపు ఒడ్డున, పడవ చాటున, సినిమా హీరోయిన్ ఒకతని మెడ చుట్టూ చేతులు వేసి నవ్వుతోంది. అతని వీపే కనిపిస్తోంది.

చూడగానే గుర్తుపట్టాను. ఆ చొక్కా భుజం మీద చిరుగుకి పచ్చగుడ్డతో మాసిక వేసింది నేనే. వాడు నా తమ్ముడు. షూటింగ్ వాళ్లని పడవలో తిప్పే పని వాడిది.

"మీకసలు బుద్ధుందా? వాణ్ణి చంపేస్తారండీ!" అని అరిచాను.

"మొహం పడకుండా తీశానుగా! సొంత బావమరిదికి ఆ మాత్రం చూసుకోనా?"

ఆ హీరోయిన్ మొగుడు పెద్ద నిర్మాత. పోయినేడు ఆమెతో చనువుగా ఉన్న మేకప్ అతను ఏమైపోయాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

తమ్ముడేమో నవ్వుతూ వచ్చాడు. "నాలుగు రోజుల ముచ్చటక్కా. ఆవిడ వెళ్లిపోయింది కూడా."

"నోర్ముయ్!" అని చొక్కా విప్పించి పొయ్యిలో పెట్టాను. సాయంత్రం బస్సెక్కేదాకా కదలొద్దని మా స్టూడియోలో ఫొటోలు కడిగే డార్క్ రూమ్‌లోకి తోశాను.

మధ్యాహ్నం స్టూడియోకి ఇద్దరు వచ్చారు. చేతిలో పేపరు. ఎంతో మర్యాదగా అడిగారు, అదే నన్ను భయపెట్టింది.

"ఇతనెవరు సార్?"

"ఎవడో దారినపోయేవాడండీ. దూరం నుంచి తీశాను," అన్నాడు మా ఆయన.

తలూపి వెళ్లిపోయారు. హమ్మయ్య అనుకున్నాను. కానీ ఒకడు వాకిట్లో అద్దాల అర ముందు ఆగాడు.

బయటివాళ్ల ఫొటోలు పెడితే గొడవలని, మా ఆయన అందులో ఎప్పుడూ మా ఇంటివాళ్లవే నమూనాగా పెడతాడు. మధ్యలో మా పాప పుట్టినరోజు ఫొటో. ఎవరి భుజాల మీదో కూర్చుని వెనక్కి తిరిగి నవ్వుతోంది. మోస్తున్నవాడి వీపు, భుజం మీద పచ్చ మాసిక. చొక్కా కాల్చానే గాని ఇది నాకు గుర్తే రాలేదు.

వాడు పేపరు మడిచి అద్దానికి ఆనించి చూశాడు. మళ్లీ లోపలికి వచ్చాడు.

"పాప ముద్దుగా ఉందమ్మా. ఎత్తుకున్నది ఎవరు?"

మా ఆయన నా వైపు చూశాడు.

అంతలో డార్క్ రూమ్ తలుపు కొంచెం తెరుచుకుంది.

"అక్కా, వెళ్లిపోయారా వాళ్లు?"