గడువు దాటిన బీరపాదు

ఆ ఇంట్లో తెల్లారేది నీళ్ళతోనే. ట్యాంకరు నడిపే ఇంటాయన బండిని పెరటి గోడ పక్కన ఆపి, నిన్నటి సరఫరాలో అడుగున మిగిలిన నీళ్ళని పైపుతో మొక్కల్లోకి వదిలేవాడు. ఆయన చిన్నకూతురు, పొట్టిగా గుండ్రంగా ఉంటుందని అందరూ బుడంకాయ అని పిలిచే తొమ్మిదేళ్ళ పిల్ల, పైపు మూతికి వేలు అడ్డం పెట్టి ధారని చెదరగొట్టేది. లేకపోతే మొదళ్ళ దగ్గర మట్టి కొట్టుకుపోతుంది. పెద్దకూతురు వంకాయలు కోసేది. తల్లి పుచ్చులేరి పక్కన పడేసి, రెండు మెతుకులు నోట్లో వేసుకుని, ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే పనికి పరిగెత్తేది. వీధిలో ఆమె పేరే ఇస్త్రీ అక్క.

పెరటితోట ఒంటికి మంచిదని చెప్పే పెద్దమనుషులుంటారు. వాళ్ళు నడివేసవి మిట్టమధ్యాహ్నం తట్టెడు మట్టి తవ్వి చూడాలి, అప్పుడు తెలుస్తుంది ఒంటి సంగతి. వీళ్ళు సరదాకి వెయ్యలేదు. కూర కొనలేక వేశారు. వేశాక ప్రేమ పుట్టింది, అది వేరే మాట.

అందులో బీరపాదు కొంచెం మొండిది. తనకి నీళ్ళు పోసినవాళ్ళు కనపడకపోతే వెతుక్కుంటూ పోయేది. సెలవులకి ముందు బుడంకాయ వెంట బడికి కూడా వెళ్ళి కిటికీలోంచి తొంగిచూసేది. పంతులమ్మ రెండు కాయలు తెంపుకుని "ఇక ఇంటికి పో" అనేది. అందుకే ఆ ఇంట్లో ఎవరు ఊరెళ్ళినా పాదుకి గడువు చెప్పి మరీ వెళ్ళేవాళ్ళు. చెప్పిన రోజు దాకా అది పందిరి దిగేది కాదు.

ఆ వేసవిలో ఇంటాయన ఉన్నట్టుండి అందర్నీ కొండమీద ఊళ్ళో ఉండే తన అక్క ఇంటికి తీసుకెళ్తానన్నాడు.

"ఏం పుట్టింది నీకు? పక్కవీధికే తీసుకెళ్ళని మనిషివి!" అంది ఇస్త్రీ అక్క.

"తీసుకెళ్తానన్నా తిట్లేనా? అక్కడ చల్లగా ఉంటుందే."

బుడంకాయ పందిరి కింద నిలబడి, "ఆదివారానికి వచ్చేస్తాం. అందాకా పక్కింటి మామ్మ నీళ్ళు పోస్తుంది. అల్లరి చెయ్యకు" అని పాదుకి చెప్పింది. ఇంటాయన అన్నీ వింటూనే చెప్పులేసుకున్నాడు.

కొండమీద నిజంగానే చల్లగా ఉంది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఇస్త్రీ అక్క ఆవిరి మొహాన కొట్టకుండా ఊపిరి పీల్చింది. పిల్లలు పొగమంచులో పరిగెత్తి జలుబు తెచ్చుకున్నారు. ఆడబిడ్డ పిల్లలు లేని మనిషి, బుడంకాయని పక్కనుంచి కదలనిచ్చేది కాదు. జడ వేసేది, విప్పేది, మళ్ళీ వేసేది.

ఆదివారం వచ్చింది. "ఇంకొక్క రోజు ఉందాం" అన్నాడు ఇంటాయన.

"పాదుకి ఇవాళ్టిదాకే చెప్పాం నాన్నా!" అంది బుడంకాయ.

"దానికేం తెలుసే ఆదివారం?" అనేశాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పాదుని పట్టుకుని అనాల్సిన మాట కాదది.

సోమవారం పొద్దున, తిన్న తిండికి రుణం ఉంచుకోకూడదని ఇస్త్రీ అక్క ఆడబిడ్డ చీరలు ఇస్త్రీ చేసి బీరువా తెరిచింది. లోపల ఒక బడి యూనిఫాం వేలాడుతోంది. కొత్తది. పక్కన ఇంకోటి. బట్ట మీద చెయ్యి వేస్తే కొలత చెప్పే మనిషి ఆమె. భుజం, నడుం, చేతులు, అన్నీ బుడంకాయవే. చివరికి ఆ పిల్ల పొట్ట కోసం వదిలిన కాస్త వదులు కూడా. పోయిన నెల దండెం మీద నుంచి బుడంకాయ గౌను ఎగిరిపోయిందని మొగుడు చెప్పాడు. ఎక్కడికి ఎగిరిందో ఇప్పుడు తెలిసింది.

ఆమె ఆ యూనిఫాంని కిందికి లాగి నేల మీదే కూలబడింది.

గుమ్మంలో మొగుడు నిలబడి ఉన్నాడు. "చెబుదామనే అనుకున్నా. అక్క బంగారంలా చూసుకుంటుంది. మనకి ఇద్దరున్నారు. ఆవిడకి ఒక్కరూ లేరు. బస్సు టైమైంది, లే."

తిడదామని నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. ఇరవై ఏళ్ళుగా సూపర్వైజరుతో, ఇంటి ఓనరుతో, వీధి కుళాయి దగ్గర పదిమందితో కొట్లాడిన నోరది. బిడ్డ దగ్గరికొచ్చేసరికి మూగదైపోయింది.

ఆయన బుడంకాయ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి నడిచాడు. ఆడబిడ్డ ఎదురొచ్చి రెండు చేతులూ చాచింది. అంతలో పాలవాడు సైకిలు ఆపి, "అమ్మా, మీ చుట్టాల బీరపాదు కింద మలుపు దాటింది. బస్సు కూడా దానికోసం ఆగింది" అని చెప్పి పాలు పోశాడు.

అతను గిన్నె అందించేలోపే అది మెట్లెక్కింది. దుమ్ముకొట్టుకుని, ఆకులు చిరిగి, దారిపొడవునా పూసిన పసుపు పూలతో వచ్చింది. బుడంకాయ ఆనందంగా చెయ్యి ముందుకు పెట్టింది. పాదు ఆ మణికట్టు చుట్టి ఆగలేదు. పట్టుకుని ఉన్న తండ్రి మణికట్టు కూడా కలిపి చుట్టేసింది. నీళ్ళు ఆయనవి, వేలు ఆ పిల్లది. దానికి ఇద్దరూ ఒకటే. నులితీగలు స్ప్రింగులా మెలితిరిగి బిగుసుకున్నాయి.

ఇంటాయన గుంజాడు, రాలేదు. "అక్కా, కత్తి తే!"

ఆడబిడ్డ కూరల కత్తి తెచ్చింది. తీగ మీద ఆనించింది కూడా.

అప్పుడు ఇస్త్రీ అక్క గొంతు పెగిలింది. ఆ కేకకి పాలవాడి చేతిలో కొలపాత్ర జారిపోయింది.

"నా బిడ్డేమైనా పందిరి నిండా కాస్తే వీధిలో పంచిపెట్టే బీరకాయా? నన్నెవరడిగారు? ఒక్కరైనా అడిగారా?"

ఆడబిడ్డ చేతిలో కత్తి అక్కడే ఆగిపోయింది. "అదేంటమ్మా? నువ్వే పంపిస్తున్నావని చెప్పాడు వీడు. పిల్లని నా వొళ్ళో పెట్టమని బతిమాలుతున్నావని..."

ఆడబిడ్డ తమ్ముడి మొహంలోకి చూసింది. అతను తల వంచుకున్నాడు. పారిపోదామంటే చెయ్యి కూతురి చేతికి కట్టేసి ఉంది. ఆమె కత్తిని వంటింట్లో పడేసి వచ్చి, కళ్ళు తుడుచుకుని, పిల్ల జడ ఒకసారి సరిచేసింది.

"తల్లి నోరు నొక్కి తెచ్చిన పిల్ల నాకొద్దురా. తీసుకుపో."

బస్సులో తండ్రీకూతుళ్ళు కట్టేసిన చేతులతో ముందు సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. "తీగకి టికెట్టు అక్కర్లేదు గాని కాయలకి లగేజీ పడుతుంది" అన్నాడు కండక్టరు. బుడంకాయ పకపకా నవ్వింది. పెద్దకూతురు కాయలు తెంపి ఒళ్ళో పెట్టుకుంది. ఇస్త్రీ అక్క వెనక సీట్లోంచి ఆ కట్టేసిన చేతులనే చూస్తూ కూర్చుంది.

చాలా దూరం పోయాక మొగుడు మెడ తిప్పి నెమ్మదిగా అన్నాడు. "ఇంటికెళ్ళాక ఇది విప్పుతావా?"

"అది ఎండి రాలాలి. నేను విప్పను."

"అందాకా బండెలా నడపను? పిల్ల బడికెళ్తే నేనూ వెళ్ళి బెంచీ మీద కూర్చోవాలా?"

ఆమె కిటికీలోంచి చూస్తూ జవాబు చెప్పింది.

"దాన్నే అడుగు. పక్కనే ఉందిగా. ముందు అడగడం నేర్చుకో."

ఆయన కూతురివైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కొండ దిగేదాకా అలాగే ఉండిపోయాడు.