ఊరందరి దిష్టి

కర్నూలు చివర ఎరువు తయారుచేసే షెడ్డులో పనిచేసే లక్ష్మక్కకు నోరు అదుపులో ఉండదు. ఆ నోరే ఆమె కొంప ముంచింది.

కాలనీ వంటిళ్ల నుంచి వచ్చిన తొక్కలు, తొడిమెలు, పాచిపోయిన అన్నం కుళ్లి, మాగి, నల్లటి ఎరువుగా మారాయి. అది మొదటి కుప్ప. నెల తిరిగేలోపు అమ్ముడుపోకపోతే షెడ్డు మూసేస్తామని, చెత్త మళ్లీ డంపుకే పోతుందని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పారు. మూస్తే లక్ష్మక్క ఇంటికి తాళమేసి గుంటూరు మిరపచేలకు కాయలు కోసే సుగ్గికి పోవాల్సిందే. ఆ వలస బతుకు తలుచుకుంటేనే ఆమెకు అన్నం సయించడం లేదు.

ఓర్వకల్లు రైతు నాగన్న ట్రాక్టరేసుకుని వచ్చాడు. ఎరువు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి తలూపాడు. ఇక బేరం కుదిరినట్టే అనుకుంటుండగా, పక్కన ఏరుతున్న కొత్త చెత్త మీద అతని కన్ను పడింది. ముందురోజు అమావాస్య. అంగళ్ల ముందు, ఇళ్ల ముందు పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలు, కుంకుమ పూసిన నిమ్మకాయలు అన్నీ అక్కడే ఉన్నాయి.

"ఇవి గూడా ఎరువులోకేనా?"

"అవునప్పా, ఇంకేం జేస్తాం?" అనేసింది లక్ష్మక్క.

నాగన్న నిప్పు పట్టుకున్నట్టు చెయ్యి విదిలించాడు. "కర్నూలందరి దిష్టి నా చేనికి తోలుకోమంటావా?"

ట్రాక్టరు ఖాళీగా వెళ్లిపోయింది. లక్ష్మక్కకు ఏడుపొచ్చింది. అతన్ని తిట్టడానికీ నోరు రాలేదు. ఆ ముక్కలు ముట్టుకున్న ప్రతిసారీ తనూ భయంతో కాళ్లూ చేతులూ కడుక్కునే మనిషే మరి.

నెల తిరగవచ్చింది. రేపు అమావాస్య అనగా నాగన్న మళ్లీ వచ్చాడు. మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు దించి వస్తున్నాడు. ఎరువు కోసం కాదట.

"కొత్త బోరులో నీళ్లు పడినాయక్కా. రేపు దిష్టి తీయల్ల. బజారంతా తిరిగినా మంచి గుమ్మడికాయ దొరకలా. మీ షెడ్డెనకాల ఉండాయంట గదా?"

ఉన్నాయి. ఎవరూ నాటింది కాదు. కుప్ప వెనక తీగ దానంతటదే మొలిచి గోడంతా అల్లుకుంది. నాగన్న ఒక కాయను ఎత్తలేక ఎత్తాడు.

"అబ్బో! శానా బరువుండాదే. ఏమేసినావక్కా దీనికి?"

లక్ష్మక్క గడ్డంతో ఎరువు కుప్పను చూపించింది.

"మరి విత్తనం యాడిది?"

"నువ్వు ఆపొద్దు జూసి పారిపోయినావే, అట్లాంటి పాత ముక్కల్లోదే."

నాగన్న కాయను కిందపెట్టలేడు, తీసుకుపోలేడు. బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని బిక్కమొహం వేశాడు. లక్ష్మక్కకు నవ్వాగలేదు.

"దిష్టి ఉంటే తీగ ఎండిపోవల్ల గదప్పా? కాయ ఇంత లావెట్లయితాది?"

అన్నాక గానీ ఆ మాట నిజమేనని ఆమెకూ తోచలేదు.

నాగన్న కాసేపు కుప్పను, కాసేపు కాయను చూశాడు. తర్వాత కాయను సీటు పక్కన భద్రంగా పెట్టుకుని, ట్రాలీని కుప్పవైపు తిప్పాడు. "పారలు తీయండి. ఈపొద్దు సగం, రేపొచ్చి మిగిలిన సగం."

లక్ష్మక్క సంతోషం పట్టలేకపోయింది. నిండిన ట్రాలీ గేటు దాటుతుంటే వెనకాలే పరుగెత్తింది.

"నాగన్నా! రేపు వచ్చేటప్పుడు నువ్వు పగలగొట్టిన ముక్కలు గూడా ఈడికే తెచ్చియ్యప్పా!"